అరగదీసిన మీటలు

మీటల మావయ్య దుకాణంలో ఒక ఎత్తు స్టూలు ఉండేది. దాని ముందు చిన్న బల్ల, బల్ల మీద పాత మానిటరు. ఎవరు ఏ కీబోర్డు పట్టుకొచ్చినా ఆయన వెంటనే విప్పేవాడు కాదు. "ముందు అలా కూర్చుని నాలుగు లైన్లు కొట్టండి," అనేవాడు.

"పనిచెయ్యట్లేదని తెస్తే కొట్టమంటారేంటండీ? పనిచేస్తే మీ దగ్గరకెందుకొస్తాను?"

"అక్షరాలు పడకపోయినా పర్లేదు. నాకు మీ వేళ్ళు కావాలి."

"వేళ్ళు చూసి జోస్యం కూడా చెప్తారా?"

"చెప్పను. ఒకసారి చెప్పాను, చాలు."

వచ్చినవాళ్ళు నవ్వేవారు. ఆయన మాత్రం నవ్వకుండా, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎదుటి మనిషి చేతుల వైపు ఒంగి చూసేవాడు. వీధిలో చాలామంది దీన్ని కొత్త గిరాకీ దగ్గర వేసే వేషమనుకున్నారు. అది వేషం కాదు. ఆయనకు పట్టిన సిగ్గు అలా అలవాటుగా మిగిలింది. మావయ్య పోయాడు. ఇప్పుడు ఆ స్టూలు మీద బొత్తాల డబ్బాలు పెడుతున్నారు.

బొత్తాలు ఆయన భార్యవి. దుకాణం ఒకటే గది. తలుపుకు కుడి పక్క ఆవిడ కుట్టుమిషను, ఎడమ పక్క ఆయన సాల్డరింగ్ బల్ల, మధ్యలో ఒక కర్టెను. ఆ కర్టెను ఎప్పుడూ పూర్తిగా మూసి ఉండేది కాదు, ఎందుకంటే ఇద్దరికీ మాట్లాడకుండా పని సాగదు. పొడుగైన ప్యాంట్లు, బిగుతైన చొక్కాలు, తెగిన జిప్పులు ఆవిడ వైపు వెళ్ళేవి. మూగబోయిన కీబోర్డులు ఈయన వైపు వచ్చేవి. వీధి పిల్లలు మొదలుపెట్టిన పేర్లే చివరికి పెద్దలకూ అలవాటయ్యాయి. ఆయన మీటల మావయ్య, ఆవిడ కుట్టు అత్తయ్య.

మావయ్య మొదట టైపు మిషన్లు బాగుచేసేవాడు. టైపు మిషన్లు మూలపడ్డాక, చేతిలో ఉన్న విద్యను పారేయలేక కీబోర్డుల మీదికి మళ్ళాడు. అందులోనూ పాతవాటి మీద. స్ప్రింగు ఉన్న మీట నొక్కితే టక్కున పలకాలి, వేలికి జవాబు చెప్పాలి అనేవాడు. ఇప్పటి పలచటి కీబోర్డుల్ని చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "అట్టముక్క మీద వేళ్ళు ఆడించినట్టుంటుంది," అనేవాడు. పాత కీబోర్డుల తిప్పలు వేరు. వాటి ప్లగ్గు గుండ్రంగా, బొటనవేలంత లావుగా ఉంటుంది. అది దూరే కన్నం ఇప్పటి కంప్యూటర్లకు ఉండదు. పోనీ ప్లగ్గు మార్చి దూర్చినా లాభం లేదు. పాత కీబోర్డు మాట్లాడే భాష కొత్త కంప్యూటరుకు తెలియదు. అందుకని మధ్యలో ఒక చిన్న చిప్పు పెట్టాలి. ఏ మీట నొక్కితే పాత కీబోర్డు ఏమంటుందో, దాన్ని కొత్త కంప్యూటరుకు ఏమని చెప్పాలో, అంతా ఆ చిప్పులో రాయాలి. మావయ్య దానికి దుభాషి అని పేరు పెట్టాడు. అగ్గిపెట్టెలో పట్టే ఆ దుభాషిని చూపించి గంటలకొద్దీ మాట్లాడేవాడు.

"తాతతో మనవణ్ణి మాట్లాడించడం అన్నమాట," అనేవాడు.

"ముందు నాతో మీరు మాట్లాడండి, అన్నం చల్లారిపోతోంది," అనేది కర్టెను అవతలి నుంచి అత్తయ్య.

పని బాగా వచ్చు. వచ్చన్న సంగతి కూడా ఆయనకు బాగా తెలుసు. చిక్కు అక్కడే మొదలైంది.

ఒక రోజు పొద్దున వయసు మళ్ళిన టైపిస్టమ్మ ఒకావిడ వచ్చింది. ప్లీడర్ల ఆఫీసులో జీవితమంతా టైపు చేసి, ఆఫీసు వాళ్ళు కంప్యూటర్లు మార్చినప్పుడు తన పాత కంప్యూటరును తనతోపాటే ఇంటికి తెచ్చేసుకున్న మనిషి. ఉద్యోగం అయిపోయినా ప్లీడర్లు ఆవిడను వదల్లేదు. అర్థంకాని చేతిరాత ఏదున్నా ఆవిడ ఇంటికే పంపేవారు. ఆవిడ టైపు చేసిన కాగితాన్ని మళ్ళీ చదివి చూసుకోవక్కర్లేదని వాళ్ళకు నమ్మకం. ఆ నమ్మకం ఆవిడకు ఇంకా ఎక్కువ. నోరు కూడా దానికి తగ్గదే.

పాత దుప్పట్లో చుట్టిన కీబోర్డును పసిబిడ్డలా రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కింది. వెనకాల కూతురు సంచీ మోసుకొచ్చింది.

"నువ్వేనా మీటలవాడివి? కంప్యూటరు చచ్చిపోయింది నాయనా. మా అమ్మాయి కొత్తది కొంది. దాంతో వచ్చిన కీబోర్డు నాకు పనికిరాలేదు. ఏది కొట్టినా తప్పే పడుతోంది. పలకలా చదునుగా ఉంటే వేలు ఎక్కడ ఆనుతుంది? నాకు నా బోర్డే కావాలి."

"ఇలా ఇచ్చి మర్చిపోండమ్మా. కొత్త పెళ్ళికూతుర్ని చేసి పంపిస్తాను."

"పెళ్ళికూతురు అక్కర్లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు పంపించు."

మావయ్య ఆ మాట విన్నాడు గాని చెవినపెట్టలేదు. ఆవిడ కుడిచేతిని సంచీ చాటున పెట్టుకుని మాట్లాడటం కూడా చూశాడు. చూసి ఊరుకున్నాడు. కుట్టుమిషను దగ్గర కూర్చున్న అత్తయ్య మాత్రం ఆ చేతినే చూస్తూ దారం కొరికింది.

దుప్పటి విప్పగానే మావయ్య మొహం వెలిగిపోయింది. ఇనుప పలక మీద బిగించిన బోర్డు, ప్రతి మీట కింద స్ప్రింగు. పైన ప్లాస్టిక్ మాత్రం పచ్చబడిపోయింది. మీటలన్నీ ఊడబీకి సబ్బునీళ్ళలో వేశాడు. స్ప్రింగుల్లో చిక్కుకున్న దుమ్మును బ్రష్షుతో దులిపాడు. పచ్చబడ్డ పై డొప్పకు మందు రాసి, పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, మేడ మీద ఎండలో పెట్టి, ఎండ ఎటు తిరిగితే అటు తిప్పాడు. తిరిగి మీటలు బిగించేటప్పుడు ఆయనకు ఒక వింత కనబడింది. ఊడబీకే ముందు తీసుకున్న ఫోటోలో కుడి చివరన ఉండాల్సిన రెండు మీటలు లోపలికి ఉన్నాయి. వాటి చోట, ఎప్పుడో గాని పనిపడని రెండు గుర్తుల మీటలు కూర్చున్నాయి.

"చూశావా! ఎవడో తలమాసినవాడు విప్పి, ఏది ఎక్కడ పెట్టాలో తెలీక ఎక్కడపడితే అక్కడ గుచ్చేశాడు," అన్నాడు భార్యతో.

వాటిని అసలు చోట పెట్టబోతే సరిగ్గా కూర్చోలేదు. ఇలాంటి బోర్డుల్లో వరసను బట్టి మీట వాలు మారుతుంది. తిరగేసి చూస్తే ఆ రెంటి అడుగునా, పైనా ఆకురాయితో అరగదీసి ఉంది. "పెట్టడం తప్పు పెట్టి, పట్టకపోతే రుద్ది కూర్చోబెట్టాడు వెధవ," అని ఆ రెంటినీ తుక్కుడబ్బాలో పారేసి, వేరే పాత బోర్డు నుంచి అచ్చం అలాంటివే తీసి పెట్టాడు. దుభాషి చిప్పులో ప్రపంచంలో అన్ని కీబోర్డులకూ ఉండే వరసే రాశాడు. మీటలకు కూడా ఆ మందే పెట్టాక బోర్డు తెల్లగా, నిండుగా, ఏ వంకా లేకుండా తయారైంది. ఇచ్చే ముందు పక్క దుకాణాల వాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

బోర్డు తనే పట్టుకెళ్ళాడు. టైపిస్టమ్మ ఇల్లు రెండు గదులు. కిటికీ పక్కన టైపు బల్ల. మావయ్య వంగి, ప్లగ్గు పెట్టి, "కానివ్వండమ్మా," అన్నాడు. కూతురు వెనక నిలబడింది. టైపిస్టమ్మ వీపు నిటారుగా పెట్టి, కళ్ళు కాగితం మీద పెట్టి, మీటల వైపు చూడనైనా చూడకుండా మొదలుపెట్టింది. టకటకమని గది నిండా చప్పుడు. ఆ చప్పుడు వింటూ మావయ్య కళ్ళు మూసుకున్నాడు.

చప్పుడు ఆగింది. స్క్రీను మీద మాట మాటకీ ఒక తప్పు. ఒక అక్షరం పడాల్సిన చోటల్లా ఏదో పిచ్చి గుర్తు.

"ఇదేంటి? నా వేలు సరిగ్గానే పడిందే," అంది టైపిస్టమ్మ. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే.

"ఇలా చూడండమ్మా." మావయ్య ఒంగి ఒక్కో మీటనే నొక్కి చూపించాడు. "మీట మీద ఏముంది? స్క్రీను మీద ఏం పడింది? అదే కదా?"

"అదే."

"మరి తప్పెక్కడుంది?"

"నా బోర్డులో ఇది ఇక్కడ కాదు."

కూతురు తన లాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టింది. "అమ్మా, నాదాన్లో కూడా అక్కడే ఉంది. అందరికీ అక్కడే ఉంటుంది."

టైపిస్టమ్మ లాప్‌టాప్‌ను చూసింది, బోర్డును చూసింది. మావయ్యకు బోర్డు మీద మాట పడుతోందనిపించింది. అంత కష్టపడి తెల్లగా చేసి తెస్తే, చందమామలో మచ్చ వెతికినట్టు తప్పు వెతుకుతోందనిపించింది. అప్పుడన్నాడు ఆ మాట. మెత్తగానే అన్నాడు, నవ్వుతూ కూడా అన్నాడు.

"బోర్డులో ఏమీ లేదమ్మా. వయసు. వేళ్ళు మర్చిపోతాయి ఒక్కోసారి. అందరికీ ఉన్నదే."

ఆవిడ నోటి నుంచి ఏదో ఒక సూదిమాట వస్తుందని కూతురు కూడా ఎదురుచూసింది. రాలేదు. రెండు చేతులూ బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, అంతే.

ఆ తర్వాత చాలా రోజులకు కూతురు తన లాప్‌టాప్ మీట ఊడిందని దుకాణానికి వచ్చింది.

"అమ్మ ఎలా ఉన్నారండీ? బోర్డు బాగా నడుస్తోందా?" అన్నాడు మావయ్య.

"దాని మీద దుప్పటి కప్పేసింది. ప్లీడర్ల కాగితాలన్నీ వెనక్కి పంపించేసింది. నాకు మతి పోతోందే అంటుంది. స్టవ్వు కట్టేశానా అని అడుగుతుంది, కట్టేశావంటే వెళ్ళి చూసి వచ్చి మళ్ళీ అడుగుతుంది. ఒక్కతీ బయటికి వెళ్ళడం మానేసింది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. మర్చిపోవడం మొదలైందన్నాడు, మందులు రాశాడు." కూతురు ఊడిన మీటను బల్ల మీద పెట్టి, "మీరు ఆ రోజు చెప్పారు కాబట్టి తెలిసింది. లేకపోతే మేం గమనించేవాళ్ళం కాదు. మీకు థాంక్స్ చెప్పాలి," అంది.

"అయ్యో," అన్నాడు మావయ్య.

కూతురు వెళ్ళిపోయింది. అత్తయ్య ఎవరిదో కోటుకు జత కలిసే బొత్తాం కోసం వెతుకుతూ, తన డబ్బాలో లేకపోతే ఆయన తుక్కుడబ్బా బోర్లించింది. గుట్టలోంచి రెండు మీటలు తీసి అరచేతిలో పెట్టుకుని వెలుగులో తిప్పింది.

"ఏవండీ, ఇవి ఎవరివి?"

"ఆ టైపిస్టమ్మవే. చెప్పలేదూ, ఎవడో వెధవ రుద్ది చెడగొట్టాడని."

"చెడగొట్టడమేంటి? అంచు చూడండి ఎలా ఉందో. చేత్తో తడిమితే గరుకే తెలీట్లేదు. పైన వాలు కూడా ఒక్క తీరుగా తీశాడు. ఇంత నింపాదిగా కూర్చుని అరగదీసినవాడు చోటు తెలీక పెట్టాడంటారా?" ఆవిడ వాటిని బల్ల మీద పెట్టింది. "ఇది చెడిపోయిన పని కాదండీ. ఆల్టరేషను. ఎవరి ఒంటికో సరిపోయేలా చేసిన పని."

మావయ్య చేతిలోని సాల్డరింగ్ పుల్లను పక్కన పెట్టాడు.

"ఆవిడ కుడిచెయ్యి చూశారా?" అంది అత్తయ్య.

"లేదు."

"వేళ్ళతో బతికే మనిషి వచ్చి ఎదురుగా నిలబడితే వేళ్ళే చూడలేదా? చిటికెనవేలు కొయ్యలా ఉంది. వంగదు. సంచీ చాటున పెట్టుకుంది కదా."

ఆ రెండు మీటలూ కుడి చిటికెనవేలు నొక్కాల్సినవి. ఎవరో వాటిని పక్క వేలికి అందేలా లోపలికి జరిపారు. పాత కంప్యూటరుకూ ఆ సంగతి నేర్పి ఉంటారు. కంప్యూటరు చచ్చిపోయినప్పుడు ఆ నేర్పిందీ చచ్చిపోయింది. మిగిలిన ఒక్క ఆనవాలు ఈ రెండు మీటలు. ఆ ఆనవాలునే ఊడబీకి, తుక్కులో పారేసి, కడిగి, తెల్లగా చేసి, పైపెచ్చు ఆవిడకు వయసైపోయిందని చెప్పి వచ్చాడు తను. ఇదంతా మావయ్యకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"కొలత తీసుకోకుండా కత్తెర పెట్టారు," అంది అత్తయ్య. కోపంగా అనలేదు. అదే ఆయనకు ఇంకా గుచ్చుకుంది.

మర్నాడు టైపిస్టమ్మ ఇంటికి వెళ్ళి, "ఒకసారి చూస్తానమ్మా," అని బోర్డు తెచ్చుకున్నాడు. దుభాషి చిప్పులో వరస మార్చి రాశాడు. అరగదీసిన మీటల్ని కడిగి, వాటి పాత చోట పెట్టాడు. టక్కున కూర్చున్నాయి, ఇన్నాళ్ళూ అక్కడికే రావాలని ఎదురుచూస్తున్నట్టు. తెల్లటి మీటల మధ్య ఆ రెండూ పచ్చగా కనబడ్డాయి. వాటిని తెల్లగా చేయడానికి మావయ్యకు మనసు రాలేదు.

తిరిగి ఇవ్వడానికి వెళ్తూ దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాడు. అమ్మా, తప్పు నాది. ఇంతే కదా, రెండు ముక్కలు. మెట్లెక్కేసరికి వేరే మాట వచ్చింది.

"లోపల ఒక తీగ వదులైందమ్మా," అన్నాడు. "బిగించాను."

టైపిస్టమ్మ భయం భయంగా కూర్చుంది. మొదట ఒక లైను నెమ్మదిగా కొట్టింది. స్క్రీను వైపు చూసింది. ఇంకో లైను. ఇక ఆగలేదు. వేళ్ళు పరుగెత్తాయి, చప్పుడుతో గది నిండింది, పేజీ నిండింది, ఒక్క తప్పు లేదు. ఆవిడ ఆగి, కుడిచెయ్యి ఎత్తి, కళ్ళు తుడుచుకుంది. అప్పుడు చూశాడు మావయ్య ఆ చిటికెనవేలిని మొదటిసారి.

"నువ్వు చల్లగా ఉండాలి నాయనా."

కూతురు వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె మొహం విప్పారింది. "డాక్టరు చెప్పాడమ్మా, మందు ఒంటికి పడితే తేడా తెలుస్తుందని. చూశావా, ఎలా పట్టిందో! ఇక జీవితాంతం మానకూడదన్నాడు."

"మానను," అంది టైపిస్టమ్మ వినయంగా. ఆ గొంతులో వినయం మావయ్య ఎప్పుడూ వినలేదు. అది తను పెట్టిందే.

చెప్పాల్సిన క్షణం అదే. మావయ్య నోరు తెరిచాడు. "వస్తానమ్మా," అన్నాడు. మెట్లు దిగి, మలుపు తిరిగి, ఒక గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య మిషను ఆపింది.

"చెప్పారా?"

"అక్షరాలన్నీ సరిగ్గా పడుతున్నాయి."

"చెప్పారా అని అడిగితే పడుతున్నాయంటారేంటి?"

"బాగైపోయిందే. ఆవిడ సంతోషంగా ఉంది. ఇప్పుడు చెప్పి ఎందుకు కెలకడం?"

"ఏం బాగైంది?"

మావయ్య మందుల సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలోనే ఆగిపోయాడు. తన నోటితో వింటే అది ఇంకోలా వినబడింది.

"అయితే ఆవిడ లేని జబ్బుకు మందులు మింగుతూ, మతి పోయిందని భయపడుతూ బతకాలి. మీరు మాత్రం మంచి మెకానిక్కుగా బతకాలి," అంది అత్తయ్య. "వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా?"

"నువ్వెందుకు? నేనే వెళ్తాను."

ఆ పూట ఆయన అన్నం ముద్ద కలిపి కలిపి కంచంలోనే వదిలేశాడు.

పొద్దున్నే వెళ్ళాడు. వెంట ఫోటో పట్టుకెళ్ళాడు, ఊడబీకే ముందు తీసింది. టైపిస్టమ్మ ఒక్కతే ఉంది. కిటికీ తెరిచి, దుప్పటి మడిచి, బల్ల తుడుస్తోంది.

"మళ్ళీ తీగ వదులైందా నాయనా?"

"తీగ ఎప్పుడూ వదులవలేదమ్మా. అబద్ధం చెప్పాను."

నిలబడే చెప్పాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మీటలు ఊడబీకడం, తప్పనుకోవడం, తుక్కులో పారేయడం, చిప్పులో తన ఇష్టమొచ్చిన వరస రాయడం, అన్నీ చెప్పాడు. "మీ వేళ్ళు ఏమీ మర్చిపోలేదమ్మా. మొదటి రోజూ సరిగ్గానే పడ్డాయి. మీ మతికి ఏమీ కాలేదు. వయసు అన్నాను చూడండి, అది నా పొగరు."

టైపిస్టమ్మ చెయ్యి చాపి ఆ పచ్చటి మీటల్లో ఒకదాన్ని ఊడబీకమని సైగ చేసింది. ఆయన తీసి ఇచ్చాడు. ఆవిడ బొటనవేలితో దాని అంచు తడిమింది.

"ఇది మొదట్నుంచీ ఇలా ఉండేది కాదా?"

"కాదమ్మా. ఎవరో మీ వేలు చూసి, మీ కోసం చేశారు."

"నేను అడగలేదే. టైపు మిషను మీద ఈ వేలితో నానా తంటాలూ పడేదాన్ని. ఎవరికీ కనబడకుండా దాచుకునేదాన్ని, తెలిస్తే పని మానిపిస్తారని. కంప్యూటరు వచ్చాక హాయిగా ఉంది. ఇవి ఇలాగే తయారవుతాయి కాబోలు, బతికించారు అనుకున్నాను." ఆవిడ మీటను గుప్పెట్లో మూసింది. "మా ఆఫీసులో మిషన్లు చూసేవాడు ఒకడుండేవాడు. బల్లల కింద దూరి తీగలు సర్దుతుండేవాడు. ఎలుకా, ఎలుకా అనేదాన్ని. మొహం మీదే. అందర్లోనూ. ఆ మనిషి నోరెత్తి ఒక్క మాట అనేవాడు కాదు."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. మావయ్యకు ఆవిడ వీపు మాత్రమే కనబడుతోంది. ఆ గదిలో ఇద్దరూ తలొంచుకునే ఉన్నారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

"ఆయన ఎక్కడున్నారమ్మా?"

"ఎప్పుడో పోయాడు. పోయాడని ఎవరో చెప్తే, ఎవరు, ఆ ఎలుకా అన్నాను."

ఆవిడ ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని పాత గొంతు తిరిగొచ్చింది. "నీ మీద నాకు కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. మంచం మీద పడుకుని రోజూ నా పేరు నేనే చెప్పుకుని చూసుకునేదాన్ని, తెలుసా నీకు? ఇవాళ గుర్తుంది, రేపు ఉంటుందా అని. ఆ రాత్రులు నువ్వు తెచ్చివ్వగలవా?"

"లేదమ్మా."

"మరి ఏం చెయ్యగలవు?"

"మీరు ఏం చెయ్యమంటే అది."

"సాయంత్రం మా అమ్మాయి వస్తుంది. ఆ రోజు దాని ముందే కదా ఆ మాట అన్నావు? ఇప్పుడు చెప్పిందంతా దాని ముందే చెప్పు. నాకు చెప్తే సరిపోదు. నేను చెప్తే అది నమ్మదు, మతి లేనిదాన్ని కదా."

సాయంత్రం వెళ్ళాడు. అత్తయ్య కూడా వెళ్ళింది, మెట్ల కింద నిలబడింది. పైకి రమ్మంటే రాలేదు. "మీరు చేసిన కుట్టు మీరే విప్పండి," అంది. కూతురు విన్నది. మధ్యలో రెండుసార్లు, "అంటే మీకు ముందే తెలుసా? నిన్న తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాడు. ఆమె ఒక్క మాట గట్టిగా అనలేదు. మందుల సీసా తీసి, లోపల పెట్టి, తలుపు తెరిచి పట్టుకుంది, ఆయన వెళ్ళడానికి. ఆ తర్వాత ఆమె మావయ్యతో మళ్ళీ మాట్లాడలేదు. డాక్టరు దగ్గరకు వాళ్ళు మళ్ళీ వెళ్ళారనీ, మందులు ఆపేశారనీ తర్వాత తెలిసింది.

టైపిస్టమ్మ మాత్రం రావడం మానలేదు. ప్లీడర్ల కాగితాలు మళ్ళీ మొదలయ్యాయి. ఎప్పుడైనా ఒక స్ప్రింగు అలిసిపోతే బోర్డును అదే దుప్పట్లో చుట్టి ఒక్కతే తెచ్చేది. కుడిచేతిని సంచీ చాటున పెట్టుకునేది కాదు, అత్తయ్య మిషను బల్ల మీద బాహాటంగా ఆనించి కూర్చునేది. మావయ్య ఎక్కడో పెట్టిన స్క్రూడ్రైవరు కోసం జేబులు తడుముకుంటే చాలు, "వయసు నాయనా. అందరికీ ఉన్నదే," అనేది. అత్తయ్య పకపకా నవ్వేది. పక్క దుకాణం వాళ్ళు కూడా నవ్వేవారు, ఎందుకో తెలియకపోయినా. మావయ్య తల దించుకుని వెతుక్కునేవాడు. ఎన్నిసార్లు విన్నా ఆ మాట ఆయనకు పాతబడలేదు.

ఎత్తు స్టూలు వేయించింది ఆ తర్వాతే. దాని మీద మొదట కూర్చున్నది ఆవిడే. "కొట్టండమ్మా, చూస్తాను," అన్నాడు. ఆవిడ కొట్టింది. మావయ్య నేల మీద కూర్చుని, బల్ల అంచు దగ్గర గడ్డం ఆనించి, పేజీ అయిపోయేదాకా ఆ వేళ్ళనే చూశాడు.

"ఇంకా ఎంతసేపు చూస్తావు?"

"ఇంకొక్క పేజీ కొట్టండమ్మా," అన్నాడు.